మాటా మంతీ: తోమారా అంటే గిన్నెలు కాదు

మన పిల్లలు హైస్కూల్లో స్పానిష్ తీసుకుని, మూడో నాలుగో ఏడాది వచ్చేసరికి 'ఇంపర్ఫెక్ట్ సబ్జంక్టివ్' దగ్గర తల పట్టుకుంటారు. "ఇలా నిజంగా ఎవరైనా మాట్లాడతారా నాన్నా?" అంది మా అమ్మాయి. మాట్లాడతారు. టెక్సాస్‌లో నా క్లినిక్కుకి వచ్చేవాళ్ళు రోజూ మాట్లాడతారు. నా స్పానిష్‌లో సగం ఆ పేషెంట్లు పెట్టిన భిక్షే. అందుకని ఈసారి పండగ కబుర్లకి బదులు వ్యాకరణం. గారెలు చల్లారేలోగా ముగిస్తాను లెండి.

ముందు తయారీ. భూతకాలంలో 'వాళ్ళు' రూపం తీసుకోండి. 'తోమార్' అంటే తీసుకోవడం, మందయితే వేసుకోవడం. 'తోమారోన్' అంటే వాళ్ళు వేసుకున్నారు. చివరి 'రోన్' కొట్టేసి 'రా' పెడితే 'తోమారా'. (గిన్నెలు తోమారా అని కాదు సుమండీ!) నేను, అతను, మీరు, ముగ్గురికీ అదే. నువ్వయితే 'తోమారాస్', మేమయితే 'తోమారామోస్', వాళ్ళయితే 'తోమారాన్'. తాగడానికి 'బెబేర్', అది 'బెబియేరోన్', 'బెబియేరా' అవుతుంది. నివసించడానికి 'బివీర్', అదీ అలాగే 'బివియేరా'. 'మేము' రూపంలో 'రా'కి ముందున్న అచ్చు మీద యాక్సెంటు గుర్తు పెట్టాలి. పిల్లలకి మార్కులు పోయేది అక్కడే. 'రా' బదులు 'సే' పెట్టి 'తోమాసే' అన్నా తప్పు కాదు గానీ, అది స్పెయిన్‌లోనే ఎక్కువ.

ఇంతకీ దీనితో పనేమిటి? ఓ పెద్దావిడ వచ్చి "డాక్టరు రెండు మాత్రలు వేసుకోమన్నాడు" అనడానికి "ఎల్ దొక్తోర్ మే దీహో కే తోమారా దోస్ పస్తీయాస్" అంటుంది. 'తోమారా' స్థానంలో 'తోమాబా' వినబడితే, నేను రెండు వేసుకుంటున్నానని డాక్టరు చెప్పాడని అర్థం. ఒక్క అక్షరం తేడా. మొదటిది ఆజ్ఞ, రెండోది జరుగుతున్న సంగతి. ఆవిడ ఆజ్ఞ చెబితే మనం సంగతిగా రాసుకున్నామనుకోండి. రెండు మాత్రలకీ బీపీ దిగలేదని మూడోది రాస్తాం. ఆవిడ బుద్ధిగా ఆ రోజునుంచి మూడూ మొదలుపెడితే, మర్నాడు కుర్చీలోంచి లేస్తూ కళ్ళు తిరిగి పడుతుంది. అందుకే 'తోమారా' చెవిన పడగానే "ఇ లాస్ తోమా?", మరి వేసుకుంటున్నారా, అని అడుగుతాను.

మన పెద్దవాళ్ళూ అంతేగా! మందులు వేసుకుంటున్నారా అంటే "వేసుకోమన్నారండీ" అంటారు. అబద్ధం కాదు, జవాబూ కాదు. కాకపోతే మనకి 'అంటున్నాడు' అయినా 'అన్నాడు' అయినా 'వేసుకోమ'లో మార్పుండదు. స్పానిష్‌లో చెప్పడం భూతకాలమయితే చెప్పిన పనీ వెనక్కి జరగాలి: 'దీసే' పక్కన 'తోమే', 'దీహో' పక్కన 'తోమారా'.

ఇక 'అయితే', 'గియితే'ల సంగతి. "సి తోమో లా మెదిసీనా, మే దుయేలే ఎల్ ఎస్తోమాగో" అంటే మందు వేసుకుంటే కడుపు నొప్పి వస్తోందని. వేసుకుని చూసిన మనిషి మాట అది. "సి తోమారా" అని మొదలుపెట్టి "మే దోలేరీయా" అంటే, వేసుకుంటే నొప్పి వచ్చేది అని. అంటే సీసా మూత తియ్యలేదన్నమాట. తెలుగులో రెండుచోట్లా 'వేసుకుంటే'నే, తేడా అంతా వాక్యం చివర 'వస్తోంది', 'వచ్చేది'లలో తేలుతుంది. చివరిదాకా ఆగి వినడం మన చెవికి అలవాటు. స్పానిష్‌లో మొదటి ముక్కలోనే చెప్పేస్తారు.

'కోమో సి', అంటే మన 'అన్నట్టు', దాని తర్వాతా ఇదే రూపం. "ఉస్తెద్ ఆబ్లా కోమో సి బివియేరా ఎన్ మెహికో" అన్నాడొక పేషెంటు, మెక్సికోలో ఉంటున్నట్టే మాట్లాడతారే అని. పొంగిపోయాను. నేను అక్కడివాణ్ణి కానని 'బివియేరా'లోనే ఉంది మరి!