'అది అంతే' అన్నది జవాబేనా?

మన కంప్యూటరు ల్యాబులో ఎక్కువగా వినపడే మాట ఏది అని అడిగితే 'ఎర్రర్' అంటారు చాలామంది. నేను మాత్రం 'అది అంతే' అంటాను. సీ భాష గానీ పైథాన్ గానీ మొదలుపెట్టిన కుర్రవాడు 'సార్, ఇట్లెందుకు?' అని లేచి నిలబడతాడు. 'అది అంతే, రాసుకో' అన్న మాట వినపడుతుంది. వెనక బెంచీల్లో నవ్వు. కుర్రవాడు కూర్చుంటాడు. ఆ తరువాత మూడేళ్లు అతడు ఇంకేమీ అడగడు.

ఈ కథ నాకెట్లా తెలుసునంటే ఆ కుర్రవాణ్ణి నేనే. నేలకొండపల్లిలో తెలుగు మీడియంలో పది పాసై, పట్నం కాలేజీకి వచ్చినవాణ్ణి. అరే అంటే వరుసగా పేర్చిన గళ్లు అని అర్థమైంది. మొదటి గడికి ఒకటి అని కాక సున్నా అని నంబరు ఎందుకు వేశారో అర్థం కాలేదు. అడిగాను, నవ్వించాను, కూర్చున్నాను. అంతకన్న సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. చాలా ఏళ్ల తరువాత నేనూ పాఠం చెప్పే వాణ్ణయ్యాను. ఒక అమ్మాయి అదే ప్రశ్న వేసింది. సిలబస్ మిగిలిపోతున్నదన్న తొందరలో నా నోటి వెంట కూడా అదే మాట వచ్చింది: 'అది అంతేనమ్మా.' ఆమె కూర్చున్న తీరు చూశాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఈ నాలుగు మాటలు. కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలు తెలివితక్కువ ప్రశ్నలు కావు. అవి ఆ భాషలను కట్టిన పెద్దలు తమలో తాము తర్కించుకున్న ప్రశ్నలే.

సున్నా సంగతే చూడండి. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ ఒకటి నుంచే లెక్కపెట్టింది. 1972 ప్రాంతంలో డెనిస్ రిచీ తయారుచేసిన సీ సున్నా నుంచి మొదలుపెట్టింది. అక్కడ నంబరు అంటే వరుసలో ఎన్నోది అని కాదు, మొదటి గడి నుంచి ఎన్ని గళ్లు దాటాలి అని. మొదటి గడికి ఏమీ దాటనక్కరలేదు గనుక సున్నా. ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అంతటివాడు సున్నా నుంచే ఎందుకు లెక్కించాలో వివరిస్తూ 1982లో ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశాడు. అంతటివాడు కలం పట్టవలసిన ప్రశ్నకు మనం నవ్వామన్న మాట! మన పెద్దలకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. పందొమ్మిది నిండినవాణ్ణి 'ఇరవయ్యో ఏడు నడుస్తోంది' అంటారు. ఆ లెక్కన మొదటి ఏడు నడుస్తున్న పసిబిడ్డకు నిండినవి సున్నా. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా 'లాభం' అని, తరువాత 'రెండు' అనే జాతి మనది. మొదటిదానికి ఏం పేరు పెట్టాలన్నది మనకు ఎప్పుడూ ఆలోచించదగ్గ విషయమే.

రెండో ప్రశ్న: 'ఎక్స్ = ఎక్స్ + 1 అంటారేమిటి? ఏ సంఖ్య అయినా తనకన్న ఒకటి ఎక్కువ ఎట్లా అవుతుంది?' లెక్కలు బాగా వచ్చినవాడికే ఈ అనుమానం వస్తుంది. నిజానికి అక్కడున్నది సమానం గుర్తు కాదు, ఒక ఆజ్ఞ. కిరాణాకొట్టు ఖాతాలో పాత బాకీకి కొత్త సరుకు ధర కలిపి, పాత అంకె కొట్టేసి, అదే పేరు కింద కొత్త అంకె రాసినట్టు. ఈ తికమక ఉండకూడదనే ఆల్గాల్ 60 భాషలో ':=' అనే వేరు గుర్తు వాడారు. సీకి తల్లి అయిన బీ భాషలో కెన్ థాంప్సన్ మళ్లీ ఒంటి '=' తెచ్చాడు. విలువ ఇవ్వడం అనే పని ప్రోగ్రాములో మాటిమాటికీ వస్తుంది, పోల్చడం అంత తరచుగా రాదు, కాబట్టి ఎక్కువగా వాడేదానికి పొట్టి గుర్తు అని ఆయన లెక్క. దాని ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నాం. సీలో ఇఫ్ పక్కన పొరపాటున ఒక్క '=' రాస్తే ప్రోగ్రాము మారుమాట్లాడకుండా నడిచి తప్పు జవాబు ఇస్తుంది. పైథాన్ అయితే అక్కడే ఆపి తప్పు అంటుంది. ఒక కుర్రవాడి సందేహంలో అరవై ఏళ్లు దాటిన తగాదా దాగి ఉంది.

మూడోది పైథాన్ వాళ్ల ప్రశ్న: 'ఏ అనే లిస్టును బీకి ఇచ్చాను. బీలో మారిస్తే ఏ కూడా మారిందేమిటి?' దీనికి జవాబు మా ఊళ్లోనే ఉంది. కంచర్ల గోపన్న పుట్టింది నేలకొండపల్లిలో. పాల్వంచ తహసీల్దారు అయ్యాడు, భద్రాచలంలో గుడి కట్టాడు, తానీషా కాలంలో గోల్కొండ చెరలో పడ్డాడు. లోకం ఆయన్ను భక్త రామదాసు అంటుంది. గోపన్నను చెరలో వేశాక రామదాసు బయట తిరుగుతాడా? పేర్లు రెండు, మనిషి ఒక్కడే. అక్కడ బీ రెండో లిస్టు కాదు, అదే లిస్టుకు రెండో పేరు. వేరే లిస్టు కావాలంటే నకలు తీయమని విడిగా చెప్పాలి. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెప్పకపోతే ఆ కుర్రవాడు రెండేళ్లు తంటాలు పడతాడు.

నాలుగోది నాకు అన్నిటికన్న ఇష్టమైనది. పైథాన్‌లో 'నేలకొండపల్లి' పొడవు ఎంతో అడగండి. నే, ల, కొం, డ, ప, ల్లి అని మనం ఆరు అంటాం. యంత్రం పన్నెండు అంటుంది. యూనికోడ్ పద్ధతిలో న వేరు, దాని ఏత్వం వేరు, సున్న వేరు, ల్లిలో రెండు లకారాలూ వాటి మధ్య పొల్లూ చివరి గుడీ అన్నీ వేరువేరు. యూటీఎఫ్-8లో దాచితే ఒక్కొక్కటి మూడు బైట్లు, మొత్తం 36. ఆరూ నిజమే, పన్నెండూ నిజమే, ముప్పయ్యారూ నిజమే. ఏది లెక్కపెడుతున్నామన్నదే ప్రశ్న. అదే మాటను తలకిందులు చేయమంటే హల్లు లేని గుడి మొదట్లోనే దిక్కులేక వేలాడుతుంది. ఇంగ్లీషు పుస్తకంలోని ఉదాహరణలతో మాత్రమే నేర్చుకున్నవాడికి ఈ చిక్కు కంటబడదు. గుణింతం పలకమీద దిద్దినవాడికి ఇట్టే అర్థమవుతుంది. తెలుగు మీడియం వాడికి లోటు అన్నామే, ఇక్కడ అదే వాడి బలం కాదా?

అధ్యాపక మిత్రులు ఒక మాట అంటారు. అరవై మంది ఉన్న తరగతిలో ప్రతి 'ఎందుకు'కూ జవాబు చెబుతూ పోతే సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది? న్యాయమైన మాటే. మరికొందరు అంటారు, ఉద్యోగం ఇంగ్లీషులోనే గదా అని. అదీ నిజమే, ఇంగ్లీషు నేర్వవద్దని నేను అనను. కాని అర్థం కాని విషయం ఏ భాషలో బట్టీపట్టినా అర్థం కానిదే. విద్యార్థులు అంటారు, ఇప్పుడు ఫోన్‌లో అడిగితే కృత్రిమ మేధ క్షణంలో చెబుతున్నది, ఇంక సార్లను అడగడం ఎందుకని. చెబుతుంది, ఒక్కోసారి తప్పు కూడా ధీమాగా చెబుతుంది. దాన్ని నిలదీయాలన్నా ప్రశ్నించే అలవాటు ఉండాలి గదా! నలుగురిలో అడిగి నవ్వులపాలైనవాడికి ఆ అలవాటు ఎక్కడ నిలుస్తుంది?

ప్రశ్న వల్ల భాషలే మారాయి. పాత పైథాన్‌లో అయిదును రెండుతో భాగిస్తే రెండే వచ్చేది. ఇదేం భాగహారం అన్న గొడవ పెరిగి, మార్చాలని 2001లో ప్రతిపాదన వచ్చింది. 2008లో వెలువడిన పైథాన్ 3లో జవాబు రెండున్నర అయింది. పాత పద్ధతి కావలసినవారికి '//' అని వేరే గుర్తు ఉంచారు. 'అది అంతే' అని అందరూ ఊరుకుని ఉంటే ఇప్పటికీ రెండే వచ్చేది.

విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. ల్యాబు తలుపు పక్కన ఒక రెండువందల పేజీల నోటుపుస్తకం, దారం కట్టిన పెన్ను పెట్టండి. పేరు రాయనక్కరలేదు. తెలుగులోనైనా సరే, వచ్చీరాని ఇంగ్లీషులోనైనా సరే, సందేహం రాయనివ్వండి. వారానికొకసారి సీనియర్లు కింద జవాబు రాయండి. మీకూ తెలియకపోతే 'తెలియదు, కనుక్కుందాం' అని రాయండి. అందులో తలవంపు లేదు. ఖర్చు వంద రూపాయలకు మించదు.

ఆ పుస్తకంలో మొదటి ప్రశ్న నేనే రాస్తాను, ఆ అమ్మాయి అడిగినదే. కింద జవాబు కూడా రాస్తాను. ఆలస్యమైంది, కాని బాకీ బాకీయే గదా.