ఔత్సాహికుడెవరు? వృత్తివాడెవరు?

మా పాఠశాల కంప్యూటరు గదిలో చదరంగమాడుచున్న విద్యార్థి యొకడు వరుసగా మూడాటలోడి, “మాస్టరుగారూ, ఈ ప్రోగ్రాము వ్రాసినవారికి జీతమెంత యిత్తురండీ?” అని మమ్మడిగెను. అది స్టాక్‌ఫిష్ అను ప్రోగ్రాము, 2008లో వెలువడినది. దానికి వెల లేదు. దాని సోర్సుకోడు ఎల్లవారికిని బహిరంగము. దానిని దిద్ది పెంచినవారిలో పెక్కుమంది జీతము గోరక పనిచేసినవారే. మేమీ మాట చెప్పగా నా బాలుడు నమ్మలేదు. జీతము లేని పని తక్కువ పనియను తలంపు మనలో నంతగా నాటుకొనియున్నది.

చదరంగపు ప్రోగ్రాములకు ప్రపంచపు పోటీలు 1974లో స్టాక్‌హోములో ఆరంభమైనవి. చిన్న కంప్యూటరులు వ్యాపించి, చదరంగపు యంత్రములు అంగళ్లకు వచ్చిన పిమ్మట చిక్కు పుట్టినది. ఉద్యోగము ముగించుకొని రాత్రివేళ ప్రోగ్రాము వ్రాసికొనువాడును, కంపెనీ జీతముపై పగలెల్ల నదే పనిచేయువాడును ఒక్క పందెమున నెదురుపడిరి. నిర్వాహకులు ఔత్సాహికులకు ప్రవేశరుసుము తగ్గించి, వేఱు బిరుదు నేర్పఱచిరి. ఉద్దేశము మంచిదే. కాని గీత యెక్కడ గీయవలయును?

ద్రవ్యమొక్కటే కొలబద్ద యందుమా? అమెరికాలో స్ప్రాక్లెన్ దంపతులు వ్రాసిన సార్గాన్ ప్రోగ్రాము 1978లో చిన్న కంప్యూటరుల పందెమును గెలిచెను. కొలదికాలములో వారు చదరంగపు యంత్రములు చేయు కంపెనీకి ప్రోగ్రాములు వ్రాయువారైరి. 1989లో ఎడ్మంటనులో ప్రపంచవిజేతయైన డీప్ థాట్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులు మొదలిడిన పని. వారిలో కొందఱు ఐ.బి.ఎం. కంపెనీలో జేరి నిర్మించిన డీప్ బ్లూ 1997లో కాస్పరోవు నోడించెను. చేయి యదే, బుద్ధి యదే; మాఱినది జీతపు చీటి మాత్రమే.

ఇక యంత్రమును జూడుడు. 1983లో న్యూయార్కులో గెలిచిన క్రే బ్లిట్జ్ కర్తలలో ముఖ్యుడు రాబర్టు హయట్ విశ్వవిద్యాలయమువాడు. కాని ప్రోగ్రాము నడచినది ఆనాటి మహాయంత్రములలో నొకటియైన క్రే మీద. 2015లో లైడెనులో గెలిచిన జానీ ప్రోగ్రామునకు 2400 కోర్లు తోడు. ఒక్క పెట్టెతో వచ్చిన వృత్తివాడు ఇట్టి బలగమును జూచి, “అయ్యా, మాలో బీదవాడెవడు?” అని యడిగిన నేమందుము?

కావున మా యభిప్రాయమిది. ఔత్సాహికుల బిరుదు ఉండవలసినదే. లేనిచో క్రొత్తవారు పందెమునకే రారు. కాని “జీతము గలదా?” యను ప్రశ్న యొక్కటి చాలదు. “యంత్రమెవరిది?”, “ఎవరి శ్రమపై కట్టితివి?” అని మఱి రెండడుగవలయును. రెండవదానికి విరుగుడుగా 2010లో నిర్వాహకులే అందఱికి నొకే తీరు యంత్రమిచ్చి యాడించు వేఱొక పందెము నారంభించిరి.

మూడవ ప్రశ్న యన్నిటికంటె గొప్పది. ఫ్రూట్ ప్రోగ్రామును దాని కర్త 2005లో ఎల్లవారు చదువుకొనునట్లు బయటపెట్టెను. తరువాత రిబ్కా యను ప్రోగ్రాము 2007 మొదలు 2010 వఱకు ప్రపంచవిజేతగా నిలిచెను. 2011లో నిర్వాహకసంఘము విచారణ జరిపి, అది ఫ్రూట్, క్రాఫ్టీ ప్రోగ్రాములనుండి చెప్పకయే గ్రహించినదని నిర్ణయించి, యా బిరుదులను తీసివైచెను. కర్త యా నింద నొప్పుకొనలేదు. తీర్పుపై వాదములెట్లున్నను నియమము సరియైనదే. ఎవరినుండి గ్రహించితిమో చెప్పుట జీతగానికిని ఔత్సాహికునికిని సమానమైన ఋణము.

ఇది దూరదేశపు సంగతియని తలపకుందురుగాక. కొన్నియేండ్ల క్రిందట ఒక విజ్ఞానప్రదర్శనమున మేము న్యాయనిర్ణేతలమై, మెఱుగులు దీఱిన నమూనాకు మొదటి బహుమానమిచ్చితిమి. అది కూలియిచ్చి చేయించినదని తరువాత దెలిసెను. అట్టముక్కలతో, తీగెలతో తన చేతులనే చేసికొనివచ్చిన బాలిక తన నమూనాను చంకబెట్టుకొని మౌనముగా నింటికి బోయెను. “దీని నెవరు చేసిరమ్మా?” యని మేమడిగియుండవలసినది, అడుగమైతిమి. ఆ తప్పు మాది.

ఔత్సాహికుని ఆంగ్లమున అమెచ్యూరందురు. ఆ శబ్దమునకు లాటిను మూలమున ప్రేమించువాడని యర్థము. జీతము దీసికొనువాడు పనిని ప్రేమింపరాదని యెచ్చటను లేదు; మేముపాధ్యాయులమందఱము జీతగాండ్రమే. బిడ్డలారా, పందెమునకు పోవునపుడు మీ పనిపై మీ పేరుతోబాటు తోడ్పడినవారి పేర్లును వ్రాయుడు. తల్లిదండ్రులారా, అట్టముక్కల నమూనాతో బిడ్డను పంపుటకు సిగ్గుపడకుడు.