సీఎస్‌వీ సాక్ష్యం చెల్లదు

"పెర్ఫ్‌మాన్ లాగ్‌ని సీఎస్‌వీలోకి దించు, ఎక్సెల్‌లో తెరువు, సగటు తియ్యి, గ్రాఫ్ గియ్యి. సర్వర్ సంగతి తేలిపోతుంది." ఐటీ ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడికి సీనియర్లు చెప్పే తొలి పాఠాల్లో ఇదొకటి. మేనేజర్లు అడిగేదీ ఇదే, ఆడిటర్లు అడిగేదీ ఇదే. ఇంతమంది ఒప్పుకున్నారు కాబట్టి సరైనదే అయివుండాలని అందరి నమ్మకం. కాదు. ఇందులో ప్రతి మెట్టు దగ్గరా కొంత నిజం జారిపోతుంది. జారిపోయిందన్న ఆనవాలు కూడా మిగలదు. విచారించి తీర్పు చెప్పవలసింది పాఠకులే.

పెర్ఫ్‌మాన్, అంటే విండోస్ పెర్ఫార్మెన్స్ మానిటర్, తన లాగ్‌ని మామూలుగా బీఎల్‌జీ అనే బైనరీ ఫైల్లో రాస్తుంది. "అది చదవడానికి రాదు, నేరుగా సీఎస్‌వీలోనే రాయించు" అంటారు మనవాళ్లు. ఏం పోతుందో తెలిసే అంటున్నారా? సీఎస్‌వీలో మొదటి వరుస శీర్షికలది. ఏయే కాలమ్‌లు ఉండాలో లాగ్ మొదలైనప్పుడే ఖాయమైపోతుంది. ఆ తర్వాత లేచిన ప్రాసెస్‌కి అందులో చోటే లేదు. ఉదయం తొమ్మిదికి మొదలైన లాగ్‌లో, రాత్రి పదకొండుకు లేచే ప్రోగ్రాం ఎంత సీపీయూ మింగిందో ఎక్కడ వెతుకుతారు? మధ్యలో ఆగి మళ్లీ లేచేవాటిని నమోదు చేయాలంటే బైనరీ ఫైలే వాడాలని మైక్రోసాఫ్ట్ తన పత్రాల్లోనే చెప్పింది. చదివేవాళ్లేరీ?

ఇక ఎక్సెల్ తెరవడం. సీఎస్‌వీలో ఉండేది ఉత్త అక్షరాలు, కామాలు. ఇది తేదీ, ఇది అంకె అని చెప్పే గుర్తు అందులో ఏదీ ఉండదు. కాబట్టి ఎక్సెల్ ఊహిస్తుంది. పెర్ఫ్‌మాన్ తేదీని అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత రాస్తుంది. మన కంప్యూటర్లలో భారతీయ అమరిక, రోజు ముందు. 2024 మార్చి 12న తీసిన లాగ్‌లో 03/12/2024 అని ఉంటే, ఎక్సెల్ దాన్ని డిసెంబర్ 3గా తీసుకుంటుంది. మర్నాటిది 03/13/2024. పదమూడో నెల లేదు కదా! అందుకని దాన్ని తేదీగానే ఒప్పుకోక మాటగా వదిలేస్తుంది. ఒకే కాలమ్‌లో పన్నెండు దాకా తప్పు తేదీలు, పదమూడు నుంచి తేదీలే కాని మాటలు. గడిలో ఎడమకు ఆనుకుని ఉంటే మాట, కుడికి ఆనుకుని ఉంటే తేదీ. ఆ ఒక్క తేడా కళ్లెదుటే ఉన్నా చూసేవాడుండడు.

ఇంకొకటి చూడండి. పెర్ఫ్‌మాన్ కాలాన్ని సెకనులో వెయ్యోవంతు దాకా రాస్తుంది. ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తుపడితే, గడిలో నిమిషాలు, సెకన్లు మాత్రమే చూపిస్తుంది. 00:15.1 అని కనబడుతుంది. తేదీ, గంట లోపల దాగి ఉంటాయి. ఆ ఫైల్‌ని మళ్లీ సీఎస్‌వీగా సేవ్ చేశారో, కనబడుతున్నదే రాసిపెడుతుంది. తేదీ పోయింది, గంట పోయింది. ఎవరు తెచ్చిస్తారు? అసలు ఫైల్ మీదే సేవ్ చేసి ఉంటే ఎవరూ తేలేరు.

మొదటి గడి ఏ1 కథ ఇంకా బాధ కలిగిస్తుంది. అందులో బ్రాకెట్లలో కాలమండలం పేరు, ఒక అంకె ఉంటాయి. మన సర్వర్ అయితే -330, యూటీసీతో తేడా నిమిషాల్లో. అమెరికా తూర్పు తీరపు సర్వర్ అయితే చలికాలంలో 300. ఏ ఊరి గడియారమో ఆ ఫైల్ మొత్తంలో చెప్పేది ఆ ఒక్క గడే. అది చూడ్డానికి బాగాలేదని చెరిపేసి "టైమ్" అని రాసేవాళ్లను నేను కళ్లారా చూశాను. హైదరాబాద్‌లో కూర్చుని ఆ తూర్పు తీరపు సర్వర్లను చూసుకునే బృందానికి ఆ చెరిపివేత ఖరీదు చలికాలంలో పదిన్నర గంటలు.

సగటు దగ్గరికి వద్దాం. రాత్రి పన్నెండుకు 104 డిగ్రీల జ్వరం వచ్చి, మిగతా రోజంతా 98 ఉన్న రోగికి సగటు తీసి "జ్వరం లేదు" అన్న డాక్టర్ దగ్గరికి మీ బిడ్డను తీసుకెళతారా? పదిహేను సెకన్ల నమూనాలో మూడు సెకన్లు సీపీయూ నూరు శాతం, పన్నెండు సెకన్లు పది శాతం ఉంటే, ఆ వరుసలో పడేది 28. ఎక్సెల్‌కి రాకముందే అది సగటు. దాని మీద రోజంతటికీ మళ్లీ సగటా? ఎనిమిది కోర్ల సర్వర్‌లో ఒక కోర్ పూర్తిగా బిగుసుకుపోయినా మొత్తం లెక్కలో 12.5 శాతమే. "సీపీయూ ఖాళీగానే ఉంది" అని రాసేస్తారు. అదే సర్వర్‌లో ఒక ప్రాసెస్ కాలమ్ 400 చూపితే, నూరు దాటింది కాబట్టి తప్పుడు అంకె అని కొట్టేస్తారు. తప్పు కాదు మహాశయా, ఆ కౌంటర్ కోర్లన్నిటినీ కలుపుతుంది, 800 దాకా పోవచ్చు.

డిస్క్ సంగతిలో అయితే సగటుల సగటు శుద్ధ అబద్ధం. ఒక వరుసలో పది పనులు, ఒక్కోదానికి 100 మిల్లీసెకన్లు. మరో వరుసలో వెయ్యి పనులు, ఒక్కోదానికి 2. ఎక్సెల్ సగటు 51. నిజమైన సగటు మూడుకి కొంచెం తక్కువ. 51 చూసి కొత్త డిస్కులకు ఆర్డర్ పెట్టినవాడిది తప్పా, వాడికి ఆ సూత్రం నేర్పినవాడిది తప్పా?

"ఇవన్నీ చిన్న విషయాలు" అంటారా? 2020 అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో 15,841 కొవిడ్ కేసులు లెక్కలోంచి జారిపోయాయని బయటపడింది. ల్యాబులు పంపిన సీఎస్‌వీలను పాత ఎక్సెల్ ఎక్స్‌ఎల్‌ఎస్ షీట్లలోకి ఎక్కించారు. ఆ షీట్‌కి 65,536 వరుసలే హద్దు, దాటినవి జారిపోయాయి. ఆ రోగులను కలిసినవాళ్లను వెతికి హెచ్చరించడం ఆలస్యమైంది. ఇప్పటి ఎక్సెల్ హద్దు 10,48,576. సెకనుకో నమూనా తీస్తే రోజుకి 86,400 వరుసలు, పదమూడో రోజు తెల్లవారకముందే షీట్ నిండిపోతుంది. ఫైల్ పూర్తిగా తెరవలేదన్న హెచ్చరిక వస్తుంది. చదవకుండా ఓకే నొక్కుతారు.

నేను ఎక్సెల్‌ని నిందించడం లేదు. లెక్కలకు అంత మంచి పనిముట్టు మరొకటి లేదు. లాగ్‌ని బీఎల్‌జీలోనే ఉంచండి. దాన్ని ముట్టుకోకండి. ప్రశ్న ఏదో తేల్చుకున్నాక, విండోస్ రీలాగ్ కమాండ్‌తో ఆ గంట, ఆ కౌంటర్లు మాత్రమే సీఎస్‌వీగా తీయండి. అందులో -టీ అనే ఐచ్ఛికం ఉంది, జాగ్రత్త. అది వరుసల సగటు తీయదు, ప్రతి పదో వరుసనో ఇరవయ్యో వరుసనో ఉంచి మిగతావి పారేస్తుంది. ఫైల్ మీద రెండుసార్లు నొక్కి తెరవకండి. డేటా మెనూలోంచి టెక్స్ట్ దిగుమతి చేసుకుని, తేదీ కాలమ్‌కి నెల-రోజు-సంవత్సరం అని మీరే చెప్పండి. రెండు నిమిషాల పని.

ఆ మధ్య ఒక సంస్థ నివేదిక నా ముందుకు వచ్చింది. పేరు అనవసరం. రాత్రిపూట జీతాల లెక్కల ప్రోగ్రాం నత్తనడక నడుస్తోంది. లాగ్ నేరుగా సీఎస్‌వీలో తీశారు. పదమూడో తేదీకి ఫిల్టర్ పెడితే ఒక్క వరుసా రాలేదు. "ఆ రోజు లాగ్ నమోదు కాలేదు" అని నివేదికలో రాశారు. వరుసలన్నీ ఉన్నాయి, తేదీలుగా లేవంతే. సరిచేసి చూస్తే రాత్రి 11 దాటాక డిస్క్ క్యూ నిటారుగా లేచింది. ఎవరు లేపారు? ప్రాసెస్ కాలమ్‌లన్నీ చూశాం, అన్నీ ప్రశాంతంగా ఉన్నాయి. మర్నాటి రాత్రి మళ్లీ బీఎల్‌జీలో లాగ్ పెట్టి, తెల్లారి పెర్ఫ్‌మాన్‌లోనే తెరిచాం. 11 గంటలకు లేచి, 11:40కి పడుకునే ఒక బ్యాకప్ ప్రోగ్రాం అందులో ఉంది. ముందు తీసిన సీఎస్‌వీలో దాని పేరే లేదు.