గైడు అడిగేది, ఇల్లు ఇవ్వవలసినది

సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు నడుమ సాగే దారిన శ్రీహరికోటకు వెళ్లేటప్పుడు మన ఇళ్లలో పిల్లలకు తప్పక చెప్పే పేరు అబ్దుల్ కలాం గారిది. రామేశ్వరంలో పడవ నడుపుకొన్న ఇంటి బిడ్డ ఇక్కడి నుండి రాకెట్టును పైకి పంపాడని చెప్పి పొంగిపోతాము. మొదటి రాకెట్టు సముద్రంలో పడిన సంగతిని మాత్రం త్వరగా దాటవేస్తాము. పరిశోధనలో అడుగుపెడుతున్న మన పిల్లలు వినవలసినది ఆ సగమే.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 తొలి ప్రయోగం జరిగింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోయి, వాహనం అదుపు తప్పి బంగాళాఖాతంలో కూలింది. కంప్యూటరు ఆగమన్నా ముందుకు సాగుదామన్న నిర్ణయం తనదేనని ప్రాజెక్టు డైరెక్టరైన కలాం గారు తరువాతి కాలంలో పలు సభలలో చెప్పారు. ఆనాడు విలేఖరులకు సమాధానం చెప్పినవారు ఇస్రో అధిపతి సతీష్ ధావన్. 1980 జులై 18న అదే శ్రేణి వాహనం 35 కిలోల రోహిణిని కక్ష్యలో చేర్చినప్పుడు ఆయన వెనుక నిలిచి, కలాం గారిని ముందుకు పంపారు. అటువంటి పెద్దదిక్కును కోరుకోని శిష్యుడు ఉండడు. కానీ తప్పు ఎక్కడ జరిగిందో దాచేవాడిని ఏ గురువూ కాపాడలేడు.

ఈ మాటకు నాకు కనబడిన సాక్ష్యం ఒకటి ఉన్నది. దరఖాస్తులు నింపడానికి నా సాయం కోరి వచ్చే పరిశోధక విద్యార్థులలో ఒకమ్మాయి బడి మానిన బాలికలపై సర్వే చేస్తున్నది. మూడవ వంతు ఫారాలలో ఒక ప్రశ్న తప్పుగా అడిగినట్లు తేలింది. మేడమ్ ఏమంటారోనన్న భయంతో నాలుగు నెలలు ఆ సంగతి దాచింది. చివరకు చెప్పినప్పుడు, ఆ మేడమ్ తప్పుకు కోపగించలేదట. పోయిన నాలుగు నెలలకు కోపగించారట.

గైడు కోరేది అపార మేధస్సు అని మన పిల్లలు భ్రమపడుతున్నారు. ఆయన కోరేది చేసిన పనికి తేదీతో కూడిన నోటు, కలిసిన ప్రతిసారీ చేతిలో రెండు పుటల రాత, ఇతరుల వాక్యాన్ని తన వాక్యంగా చూపని నిజాయితీ, తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం. ఏళ్ల తరబడి దస్త్రాలు మోసిన గుమాస్తాను నేను. ఫైలులో నోటు లేని పని జరగనట్లే లెక్క అని మా కార్యాలయం నేర్పింది. పరిశోధనకూ అదే లెక్క. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరూ సలహా సంఘం ముందు పురోగతిని వివరించవలసి ఉన్నది. ఆ రోజున నోటి మాట చెల్లదు.

గురువు కాఠిన్యానికి భయపడేవారు కలాం గారి మద్రాసు చదువును గుర్తు చేసుకోవాలి. విమాన నమూనా పని వెనుకబడిందని ప్రొఫెసర్ శ్రీనివాసన్ మూడు రోజుల గడువు పెట్టి, పూర్తికాకపోతే స్కాలర్‌షిప్ ఆపుతానన్నారు. ఆదివారం ఆయనే వచ్చి పని చూసి, శిష్యుణ్ణి అక్కున చేర్చుకున్నారు. ఆ కళాశాలలో ప్రవేశ రుసుము కోసం అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టిందన్నది మరువకూడదు.

ఇప్పుడు స్కాలర్‌షిప్ ఆగుతుందని బెదిరించవలసిన పని లేదు, అది ఆగిపోయే ఉన్నది. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను, ఇతర పథకాలతో కలిసిపోతున్నదన్న కారణం చూపి, కేంద్రం 2022-23 నుండి నిలిపివేసింది. దానిని పునరుద్ధరించమని అడగడం మన హక్కు. పగలు ట్యూషన్లు చెప్పి రాత్రి థీసిస్ రాసే విద్యార్థి ఆలస్యాన్ని సోమరితనంగా లెక్కకట్టవద్దని గైడులనూ కోరుతున్నాము. విద్యార్థి కూడా ఆ ఇబ్బందిని మొదటి నెలలోనే వారికి చెప్పుకోవాలి.

ఆడపిల్లల విషయంలో భారం ఇంటిపైనే ఎక్కువ. పీహెచ్‌డీకి గరిష్ఠ గడువు ఆరేళ్లు కాగా, స్త్రీలకు మరో రెండేళ్లు పొడిగించే వీలు, 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు నిబంధనలలో ఉన్నాయి. పెళ్లి మాటలు సాగే ఇళ్లలో ఈ సంగతి ఇరుపక్షాల పెద్దలకూ ముందే తెలియజేయాలి.

ఆ సర్వే అమ్మాయి తప్పిన ఫారాలన్నీ పక్కనబెట్టి, మళ్లీ ఊళ్లు తిరుగుతున్నది. ఒంటరిగా పంపడానికి తండ్రి వెనుకాడితే, తల్లి బుర్ఖా సర్దుకొని బిడ్డతో పాటు బస్సెక్కింది.