అమ్మ ప్రశ్న... కొడుకు ప్రశ్న

మంచం మీదున్న కొడుకు డాక్టరుని అడిగాడు... ‘నేను మళ్లీ ఆడగలనా?’ అని. పక్కనే ఉన్న తల్లీ అడిగింది... ‘మావాడు మళ్లీ నడవగలడా?’ అని.

ఆ కొడుకు క్రికెటర్ రిషభ్ పంత్. 2023 జనవరిలో ముంబయిలో అతని మోకాలికి ఆపరేషన్ చేసిన డాక్టర్ దిన్‌షా పార్దీవాలా తర్వాత ఓ ఇంటర్వ్యూలో చెప్పిన సంగతి ఇది. ప్రమాదం జరిగిన ఏ ఇంట్లోనైనా ఈ రెండు ప్రశ్నలే ఉంటాయి. దెబ్బ తగిలినవాడికి పాత జీవితం కావాలి. కన్నవాళ్లకు మనిషి దక్కితే చాలు.

2022 డిసెంబరు 25న మీర్పూర్‌లో బంగ్లాదేశ్‌తో టెస్టు ముగిసింది. అందులో పంత్ 93 పరుగులు చేశాడు. సరిగ్గా అయిదు రోజులకు, 30వ తేదీ తెల్లవారుజామున, దిల్లీ నుంచి రూర్కీలో ఉన్న తల్లిని చూడ్డానికి ఒక్కడే కారు నడుపుకుంటూ వెళ్తున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా కారు డివైడర్‌ను ఢీకొట్టి పల్టీలు కొట్టింది. కాసేపట్లోనే మంటలు! కునుకు పట్టిందని పోలీసులు చెప్పారు. గుంత తప్పించబోయాడన్న మాటా వినిపించింది.

అటుగా వచ్చిన హర్యానా రోడ్‌వేస్ బస్సు డ్రైవరు, కండక్టరు పరుగెత్తుకెళ్లారు. దుప్పటి కప్పారు, అంబులెన్సు పిలిపించారు. ఆ డ్రైవరుకి క్రికెట్ అలవాటే లేదట. పంత్ ఎవరో తెలియదు. రోడ్డు మీద పడి ఉన్నది మనిషి అని తెలుసు... అంతే. మన వీవీఎస్ లక్ష్మణ్ అప్పట్లో ఆయనకు బహిరంగంగా కృతజ్ఞతలు చెప్పారు.

కుడి మోకాలు పక్కకు తిరిగిపోయింది. లిగమెంట్లు తెగిపోయాయి. ఈ లోకంలో నా పని అయిపోయిందని మొదటిసారి అనిపించిందని పంత్ తర్వాత చెప్పాడు. నరం దెబ్బతిని ఉంటే కాలే తీసేయాల్సి వచ్చేదట.

ఆ తర్వాతి నెలలే అసలు కథ. రోజూ పళ్లు తోముకోవడం, ఎండలో కూర్చోవడం కూడా ఆనందంగా ఉందన్నాడు. పెద్ద లక్ష్యాల వెంట పరుగులో ఇలాంటివి పట్టించుకోకుండా వదిలేశామన్నాడు. ఇంకో మాట కూడా ఒప్పుకున్నాడు. చక్రాల కుర్చీలో జనం కంట పడటం ఇష్టంలేక రెండు నెలలు విమానాశ్రయానికి వెళ్లలేకపోయాడట. వేలమంది మధ్య భయం లేకుండా సిక్సర్లు కొట్టే కుర్రాడు!

2023 మే నెలలో ఊతకర్రలు పక్కన పెట్టాడు. అంటే అమ్మ ప్రశ్నకు జవాబు నాలుగు నెలల్లో దొరికింది. కొడుకు ప్రశ్నకు మాత్రం దాదాపు పదిహేను నెలలు పట్టింది. 2024 మార్చి 23న మళ్లీ మైదానంలోకి దిగాడు. తిరిగొచ్చాక తొలి అర్ధసెంచరీ ఎక్కడో తెలుసా? మన విశాఖపట్నంలోనే. మార్చి 31న చెన్నై జట్టు మీద 32 బంతుల్లో 51. వికెట్ల వెనక అవతలి జట్టు కీపరుగా ధోనీ! 2025 జూన్‌లో లీడ్స్ టెస్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టి, మైదానంలోనే పల్టీ వేశాడు. ఆ పల్టీ మాత్రం అనవసరం అని డాక్టరుగారి చురక!

సరే, పంత్ లేచాడు. అతనికి మంచి ఆసుపత్రి, వెంట ఉండే ఫిజియోలు, ఖర్చు చూసుకునే బోర్డు ఉన్నాయి. మిగతావాళ్ల సంగతి? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోజుకు దాదాపు 462 మంది. గాయపడినవారు 4,43,366 మంది. వీళ్లలో లారీ డ్రైవరు ఉంటాడు, ట్యూషన్‌కు వెళ్లొస్తున్న పిల్ల ఉంటుంది. వీళ్లకు ఫిజియో అంటే ఇంట్లోవాళ్లే.

అందుకే పరామర్శకు వెళ్లినప్పుడు కాస్త ఆలోచిద్దాం. ‘అసలెలా జరిగింది, మొదట్నుంచీ చెప్పు’ అని అడక్కండి. వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాలంటే ఆ మనిషి ప్రతిసారీ ఆ కారులోకి వెళ్లి రావాలి. ‘డ్యూటీలో ఎప్పుడు చేరతావ్?’ అనే ప్రశ్నా వద్దు. బ్రేకు చప్పుడుకి ఉలిక్కిపడటం, నిద్రలో కేకలు వేయడం, కారెక్కాలంటే వణుకు... మొదట్లో ఇవి మామూలే. నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. విరిగిన కాలికి కట్టు కట్టించుకున్నట్టే ఇదీనూ. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే ఆగుదాం. కేసవుతుందేమో, కోర్టు చుట్టూ తిప్పుతారేమో అన్న భయం చాలామందిది. సాయం చేసినవారిని వేధించకూడదని 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ ఆ రక్షణ చేర్చారు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 108కి ఒక్క ఫోన్ చాలు. ఆ సేవ 2005లో మన హైదరాబాద్‌లో మొదలైందే.

ఇక స్టీరింగ్ పట్టుకునేవాళ్లకు ఒక్కమాట. అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు శరీరం నిద్రను గట్టిగా అడుగుతుంది. ఎంత అనుభవమున్న డ్రైవరైనా దానికి లొంగాల్సిందే. కిటికీ తీస్తే, పాటల సౌండు పెంచితే పోయేది కాదది. ఊరు దగ్గరికొచ్చేశాం, ఇంకెంత అరగంటే కదా అనిపించినప్పుడే జాగ్రత్త. వెనక సీట్లోవాళ్లతో సహా బెల్టు పెట్టుకోండి. కళ్లు మూతపడుతుంటే వెలుతురున్న చోట బండి ఆపి ఓ కునుకు తీయండి. గంట ఆలస్యమైతే ఇల్లు ఎక్కడికీ పోదు. అమ్మ ఎదురుచూస్తూనే ఉంటుంది.