మూగ ఎదకు ముందు మందు కాదు, పరిశీలన

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్ట గ్రామాలలో వేసవి వచ్చిందంటే పాడి రైతుల నోట తరచుగా వినిపించే మాట "బర్రె ఎదకు వస్తలేదు" అన్నదే. ఆ మాట వినగానే హార్మోను ఇంజెక్షను సూచించే ధోరణి సరికాదు.

ఎదకు మూలం అండాశయమే అయినా, ఎద ప్రవర్తనను నడిపించేది మెదడు. అండపుటిక స్రవించిన ఈస్ట్రోజన్ రక్తం ద్వారా హైపోథాలమస్‌ను చేరి, అక్కడి గ్రాహకాలపై పనిచేసినప్పుడు పశువు పోతును అంగీకరిస్తుంది. గొర్రెలలో దీనికి ముందు కొన్ని రోజులు ప్రొజెస్టిరాన్ ప్రభావం కూడా అవసరం. అందువల్లనే ఎద కాలపు తొలి అండం తరచుగా ఏ లక్షణమూ లేకుండానే విడుదలవుతుంది. అంటే అండం విడుదల వేరు, ఎద బయటపడటం వేరు.

బర్రెలలో ఎండ వేడిమి, మేత కొరత ఈ అంతరాన్ని పెంచుతాయి. ఆవులవలె అవి ఒకదానిపై ఒకటి ఎక్కడం అరుదు. స్వచ్ఛమైన తీగలు, మాటిమాటికీ మూత్రవిసర్జన, పాలు చేపకపోవడం వంటి గుర్తులను రాత్రివేళ, తెల్లవారుజామున గమనించాలి. ఒక్క ఎద తప్పితే సుమారు 21 రోజులు వృథా అవుతాయి.

కావున విస్తరణ శిక్షణ మొదట పాలు పితికే మహిళలకు అందాలి. ఎద నిజంగా ఆగిపోయిందా, మూగగా సాగుతున్నదా అన్నది పశువైద్యుని పరీక్షలో తేలిన తరువాతనే మందు గురించి ఆలోచించాలి.