కష్టకాలపు పొగడ్త

నెల్లూరి తీరమున మైపాడు మొదలు తుమ్మలపెంట వరకు ఏ పాలెమునకు పోయినను వృద్ధుల నోట ఒక్కటే మాట వినవచ్చును: "మా దినములే దినములు!" అంబలి త్రాగినను నాటి బలము నేడు లేదట. బకింగుహాము కాలువమీద పడవలు నడచిన నాటి మర్యాద నేటి మోటారుబండ్లకు లేదట. ఆ యంబలియైనను రెండు పూటలు దొరకెడిదా యని యడిగినచో తాతగారు మాట మార్చుదురు. ఆ కాలువ సంగతియు నట్టిదే. మద్రాసులో అడయారు, కూవము నదులను కలుపు భాగము 1877–78 కరువునాడు ఆకలిగొన్నవారిచేత త్రవ్వింపబడినది. కాలువకు గవర్నరు పేరు మిగిలెను. త్రవ్వినవారి పేర్లను తలచువారే లేరు.

చదువరులారా! ముసలివారు పొగడునది కష్టమును కాదని మా యభిప్రాయము. యౌవనము కొంత కారణము. అంతకంటె పెద్ద కారణము వేరొకటి యున్నది. పూర్వము తెప్పను నీటిలోనికి త్రోయుటకు ముందు మబ్బు చాయను, గాలి వచ్చు మూలను, అలల మ్రోతను కనిపెట్టి "నేడు వలదు" అని చెప్పు పెద్ద యొకడుండెడివాడు. ఆయన మాటమీద తెప్పలన్నియు ఒడ్డున నిలిచెడివి. నేడా పని వాతావరణశాఖవారిది. రేడియో చెప్పును, చేతిలోని ఫోను చెప్పును. పెద్దకు మిగిలినది అరుగు. మనుమడు వేళకు అన్నము పెట్టించును గాని సలహా యడుగడు. అట్టివానికి ఆకలి దినములు తీపిగా తోచుటలో వింత యేమున్నది? (ముసలమ్మల నడుగుడు, వేరు కథ చెప్పుదురు. ఇసుకలో చెలమ త్రవ్వి, ఊరిన నీటిని ముంతతో కడవ కెత్తిన యామె ఆ దినములు మరల రావలె ననగా మేము వినలేదు.)

ఇంతవరకు మాకు తగవు లేదు. కాని తుఫాను హెచ్చరిక వచ్చి, ఊరు విడిచి రండని చాటించిన రాత్రి, "ఇట్టి వెన్ని చూడలేదు!" అని పెద్దలు మంచము దిగకున్నప్పుడు ఈ పొగడ్త ప్రాణాంతక మగుచున్నది. చూచితిమని చెప్పువారు బ్రతికినవారే గదా! మునిగినవారు ఏ యరుగుమీద కూర్చుండి సాక్ష్య మిత్తురు? 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు దాదాపు పదివేలమంది మరణించిరి. 1990 మే నెలలో కృష్ణాముఖమున మరియొక పెనుతుఫాను తీరము దాటెను. ముందుగా జనమును పెద్దయెత్తున తరలించినందున మృతులు వేయికి లోపుగానే యుండిరి. రెంటి నడుమ 1989 నవంబరులో మన కావలి తీరమే దెబ్బతినెను. పూర్వులకు తుఫాను షెల్టర్లు లేకున్నను బ్రతుకలేదా యని పట్టణములలో మేడలమీద నుండి వ్రాయు పెద్దమనుష్యులు ఈ లెక్కలను ఒకమారు చదువుదురు గాక.

ఇక హెచ్చరిక వచ్చిన నాడు పంచాయతివారు మైకు పట్టుకొని వీధి తిరుగుటకు ముందు పోవలసినది ఆ యరుగు దగ్గరకే. "తాతా, గాలి ఏ మూల నున్నది? ఏ యిండ్లవారిని ముందు కదలింపవలెను?" అని యడుగుడు. ఊరిలో పల్లమేదో, మెరక యేదో ఆయన కెరుకయే. ఆయన కర్ర చేతబట్టి లేచెనా, వెనుక ఊరంతయు లేచును.